అరిసెల డబ్బా మోసుకొచ్చిన ఆయన ఎవరు?

ప్రశ్న:

అక్కా, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బరంపురంలో హాస్టల్లో ఉండి ప్లస్ టూ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నాన్నది టిఫిన్ బండి. హాస్టల్లో చేరిన రోజు గదిలో అమ్మాయిలు మీదే ఊరని అడిగితే, ఎందుకో భువనేశ్వర్ అని వచ్చేసింది నోట్లోంచి. నాన్న రైల్వేలో ఆఫీసరని చెప్పాను. తెలుగు రాదన్నాను. గుణుపురం నుంచి వచ్చిన ఒకమ్మాయి ఒడియాను తెలుగు యాసలో మాట్లాడుతుంది. ఒకసారి ఆమెలా మాట్లాడి చూపిస్తే అందరూ పడీ పడీ నవ్వారు. తర్వాత ఆమెకు ‘ఏటి’ అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు హాస్టలంతా అలాగే పిలుస్తున్నారు. ఆమె మెస్‌లో మాతో కూర్చోవడం మానేసింది. నాకు మాత్రం బోలెడంతమంది ఫ్రెండ్స్.

పరీక్షలున్నాయని సంక్రాంతికి ఇంటికి వెళ్లలేదు. నాన్న అరిసెల డబ్బా పట్టుకుని బస్సెక్కి వచ్చేశారు. గేటు దగ్గర ఫ్రెండ్స్ ఉన్నారు. ఎవరని అడిగితే “మా ఇంట్లో పనిచేసే అంకుల్” అన్నాను. ఒడియాలోనే అన్నాను. నాన్నకి ఒడియా బాగా వచ్చు. ఏమీ అనలేదు. డబ్బా ఇచ్చి వెళ్లిపోయారు.

మొన్న అందరం కలిసి ఫోన్‌లో ‘మీన్ గర్ల్స్’ చూశాం. వాళ్లు నవ్వుతుంటే నాకు చెమటలు పట్టాయి. చివర్లో హీరోయిన్ అందరి ముందూ మాట్లాడి కిరీటం విరిచి పంచేస్తుంది, అందరూ కలిసిపోతారు. వచ్చే నెల మా హాస్టల్ డే. యాంకరింగ్ నాదే. స్టేజి మీద మైకులో నిజం చెప్పేద్దామా అనిపిస్తోంది. లేకపోతే ఇంకో ఏడాదేగా, ఇలాగే నెట్టుకొచ్చేయనా? నేను నాలాగే ఉంటే నాతో ఎవరైనా ఉంటారా? ఖాళీ డబ్బా ఇంకా నా మంచం కిందే ఉంది. తెలుగు రాయడం తాతయ్య నేర్పారు. తప్పులుంటే క్షమించండి.

(పేరు వేయొద్దు, పర్లాకిమిడి)

సమాధానం:

పేరు వేయడం లేదు తల్లీ. తప్పులంటావా, రెండుచోట్ల ఒత్తులు జారాయి, అంతే. తెలుగు రాదని హాస్టలంతటినీ నమ్మించిన పిల్ల మూడు పేజీల ఉత్తరం తెలుగులో రాసింది. ఇక్కడ చోటు చాలక కుదించి వేశాం. మీ తాతగారికి నా నమస్కారం చెప్పు.

హాస్టల్ డే దగ్గరపడుతోంది కాబట్టి ముందు దాని సంగతి. మైకులో చెప్పకు. చెప్పొద్దు అనడం లేదు, మైకులో వద్దంటున్నాను. ఎందుకో నువ్వు చూసిన సినిమాలోనే ఉంది. నీ ఉత్తరం చదివాక నేను మళ్లీ చూశాను.

చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 2004లో వచ్చిన అమెరికన్ కామెడీ అది. రాసింది టీనా ఫే, లెక్కల టీచరు వేషమూ ఆమెదే. దానికి ఆధారం నవలేమీ కాదు. రోజలిండ్ వైజ్‌మన్ అనే ఆవిడ బడుల్లో ఆడపిల్లల గుంపులు ఎలా నడుస్తాయో తల్లిదండ్రులకు చెప్పడానికి 2002లో ఒక పుస్తకం రాసింది. అందులో కథంటూ లేదు, కథ టీనా ఫే అల్లుకున్నది. అందుకేనేమో, పైకి అంతా వెటకారంగా ఉన్నా అడుగున మనకు తెలిసిన గొడవే కనిపిస్తుంది. బట్టలూ కార్లూ తీసేస్తే మిగిలేది మీ హాస్టల్ మెస్సే.

కథానాయిక పేరు కేడీ. (మన దగ్గర కేడీ అంటే పోలీస్ స్టేషన్ గోడ మీద ఫోటో ఉండేవాడు. సగం సినిమా అయ్యేసరికి ఆ పిల్లకు ఈ అర్థమూ సరిపోతుంది.) జంతువుల మీద పరిశోధన చేసే అమ్మానాన్నలతో ఆఫ్రికాలో పెరిగి, ఇంట్లోనే చదువుకుని, పదహారో ఏట మొదటిసారి బడిలో అడుగుపెడుతుంది. అక్కడ రెజీనా అనే పిల్ల గుంపుదే రాజ్యం. జానిస్, డేమియన్ అని ఇద్దరు స్నేహితులు దొరుకుతారు. ఆ గుంపులో చేరినట్టు నటించు, వాళ్ల గుట్టు మాకు చెప్పు అంటారు. సరే అంటుంది. నటిస్తూ నటిస్తూ ఆ గుంపు మనిషే అయిపోతుంది. నచ్చిన కుర్రాడి చేత చెప్పించుకోవాలని, వచ్చిన లెక్కలు రానట్టు ఉంటుంది. కొన్నాళ్లకు మార్కులు నిజంగానే పడిపోతాయి. ఇంటిదగ్గర పార్టీ పెట్టి, జానిస్‌కు మాత్రం ఊళ్లో ఉండనని అబద్ధం చెబుతుంది. ఆ రాత్రే దొరికిపోతుంది.

నీకు గుర్తున్నది చివరి కిరీటం సీను. అందరికీ అదే గుర్తుంటుంది. దానికంటే ముందు ఇంకొకటి ఉంది, చూసుకో. గుంపువాళ్లు బడిలో అందరి మీదా చెత్తంతా రాసిపెట్టుకున్న పుస్తకం బయటపడుతుంది, బడి బడంతా జుట్లు పట్టుకుంటారు. అప్పుడు ఆడపిల్లలందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ పైకెక్కి తప్పు ఒప్పుకోండి అంటారు. జానిస్ ఎక్కుతుంది. రెజీనాను ఎలా బుట్టలో వేశామో, కేడీ చేత ఎలా నటింపజేశామో మొత్తం చెప్పేస్తుంది. ఒక్క అబద్ధం లేదు అందులో. జనం కేరింతలు కొడతారు. రెజీనా విసవిసా బయటికి నడుస్తుంది, కేడీ వెంటపడుతుంది, రోడ్డు మీద రెజీనాను బస్సు గుద్దేస్తుంది. కేడీయే తోసిందని పుకారు పుడుతుంది.

మైకులో చెప్పిన నిజం చేసిన పని అదీ. చెప్పినవాళ్లకు చప్పట్లు, వినాల్సిన మనిషికి ఇంకో దెబ్బ.

కేడీ తన నిజం ఎక్కడ చెప్పింది? తర్వాత. లెక్కల టీచరు మత్తుమందులు అమ్ముతుందని ఆ పుస్తకంలో రాసింది కేడీయే. అది పోలీసుల దాకా పోయింది. టీచరు మీద నింద పోవాలని, పుస్తకం మొత్తం నేనే రాశానని నెత్తిన వేసుకుంటుంది. ఈసారి కేరింతలు లేవు, వెనకేసుకొచ్చే స్నేహితులూ లేరు. మార్కులు దిద్దుకోవడానికి లెక్కల పోటీ జట్టులో చేరమంటుంది టీచరు. ఆ బడిలో ఆ జట్టంటే నామోషీ, మొదట్లో పిలిచినప్పుడు గుంపు వద్దందని ఎగ్గొట్టింది కూడా. చేరుతుంది. ఆ పోటీ గెలిచి, ఆ జట్టు కోటుతోనే డాన్సుకు వెళ్తుంది. కిరీటం అక్కడొస్తుంది. అప్పటికే టీచరు విషయంలో తప్పు ఒప్పుకుంది, కట్టాల్సింది కట్టేసింది. నువ్వేమో బాకీలన్నీ అలాగే పెట్టుకుని కిరీటం సీను ముందుగా తీసేద్దామంటున్నావు.

పైగా ఆలోచించు. హాస్టల్ డే రోజు నువ్వు మైకు పట్టుకుని ఏడుస్తూ ‘నేను పర్లాకిమిడి అమ్మాయిని, ఫలానా అమ్మాయికి పేరు పెట్టింది నేనే’ అంటే ఏమవుతుంది? మూడొందల తలకాయలు ఒక్కసారిగా ఆ గుణుపురం అమ్మాయి వైపు తిరుగుతాయి. తెలియనివాళ్లకు కూడా తెలిసిపోతుంది. నీ దగ్గరికి పది మంది వచ్చి, ఎంత ధైర్యమే నీకు, అని కౌగిలించుకుంటారు. ఆమె దగ్గరికి ఎవరు వెళ్తారు? ఆ రోజు కూడా పార్టీ నీదే అవుతుంది.

నువ్వు కావాలని అలా ఆలోచించావని కాదు. జనాన్ని నవ్వించడం అలవాటైనవాళ్లకు ఏడవడానికీ జనం కావాలనిపిస్తుంది. నాకు తెలుసు, నేనూ ఆ బాపతే.

మాదీ ఒడిశానే, రాయగడ. డిగ్రీకి విశాఖపట్నం వెళ్లాను. మా బళ్లో మేం తెలెంగాలం, తెలుగువాళ్లను ఒడియాలో అలా అంటారు. విశాఖ వెళ్లాక నన్ను ఒరియా అమ్మాయి అన్నారు. తెలుగు బాగానే మాట్లాడుతున్నావే, ఎక్కడ నేర్చుకున్నావు, అని మెచ్చుకున్నారు కూడా. మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, కొత్తగా పరిచయమైన ఒకమ్మాయితో నాది వైజాగే, పెదవాల్తేరు అనేశాను. రెండు నెలలు బాగానే గడిచింది. ఒకరోజు మీ ఇంటికి ఏ బస్సెక్కాలే అంది. నోటికొచ్చిన నంబరు చెప్పాను. అది గాజువాక పోయే బస్సట. ఆ పిల్ల నా మొహం కేసి చూసి, కాసేపాగి, “మాదీ వైజాగ్ కాదే, బొబ్బిలి” అంది. ముప్పై ఏళ్లయింది. వాళ్లమ్మాయి పెళ్లికి మొన్న నేనే దగ్గరుండి వంటవాళ్లను కుదిర్చాను.

అందరికీ నాలాంటి బొబ్బిలి దొరకదనుకో. నీ అబద్ధం నా అబద్ధం కంటే పెద్దది కూడా. నాది నా ఒక్కదాన్నే ఇరుకున పెట్టింది. నీది ఇద్దరు మనుషుల మీద కూర్చుంది. ఊరు మార్చి చెప్పడం నన్నంతగా బాధించలేదు. పదహారేళ్ల పిల్ల కొత్తచోట భయపడి గొప్పలు పోయింది, అంతే. కానీ ‘తెలుగు రాదు’ అన్న మాట నిలబెట్టడానికి తెలుగు యాసను వెక్కిరించాల్సి వచ్చింది. ‘రైల్వే ఆఫీసర్’ నిలబడటానికి ఎదురుగా ఉన్న నాన్నను పనిమనిషిని చెయ్యాల్సి వచ్చింది. అందుకే ఇంకో ఏడాది నెట్టుకురావడం కుదరదు. ఏడాది ఊరికే గడవదు, ఇంకొకరిని అడుగుతుంది. రేపు మీ అమ్మ వస్తే ఏమంటావు?

బోలెడంతమంది ఫ్రెండ్స్ అన్నావు కదా, దాని గురించి ఒక మాట. పిల్లల మీద పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ పాపులారిటీని రెండుగా విడదీస్తారు. క్లాసులో పిల్లల్ని ‘మీలో పాపులర్ ఎవరు’ అని అడిగితే ఒక జాబితా వస్తుంది. ‘నీకు ఎవరంటే ఇష్టం’ అని అడిగితే ఇంకో జాబితా వస్తుంది. రెండూ ఒకటి కావు. కొన్ని పేర్లు రెండింటిలోనూ ఉంటాయి గానీ, మొదటి దాంట్లో పైనున్నవాళ్లు రెండో దాంట్లో కిందికి జారిపోవడం మామూలే. మిచ్ ప్రిన్‌స్టీన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ దీనిమీద చాలా పనిచేశాడు. సినిమాలో రెజీనా మొదటి జాబితాలో ఒకటో నంబరు. రెండో జాబితాలో వాళ్లమ్మ కూడా ఆమె పేరు రాసేముందు కాస్త ఆలోచిస్తుందనుకుంటా.

నీ పేరు రెండో జాబితాలో ఉందో లేదో నేను చెప్పలేను. నువ్వే చూసుకో. ‘ఏటి’ అని పిలిచినప్పుడు అందరూ నవ్వుతారు. నవ్వాక ఒక్క క్షణం నీ వైపు చూస్తారా? ఆ చూపులో మెచ్చుకోలు ఎంత, ‘రేపు నన్నేమంటుందో’ అన్న జంకు ఎంత? ముందు నిన్నే పిలుస్తున్నారంటే అన్నీ ఇష్టంతోనే పిలుస్తున్నారని కాదు. నువ్వు లేని చోట నీ నోట్లో పడతామన్న భయంతో పిలిచేవాళ్లూ ఉంటారు.

ఇక ఆ ‘ఏటి’ దగ్గరికి వద్దాం. ఏం పేరు దొరికిందమ్మా నీకు!

మీ ఊళ్లోనే, రాజావారి బళ్లో పంతులుగా పనిచేసిన ఆయన ఒకాయన ఉన్నారు, గిడుగు రామమూర్తి గారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర గిరిజనుల మాట విని, ఆ మాటకు పుస్తకాలు లేవని, తనే నేర్చుకుని వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు. తర్వాత సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ పనిలో ఉండగానే ఆయనకు తట్టింది, మనుషులు మాట్లాడే తెలుగును మాత్రం బళ్లో ఎందుకు రానివ్వడం లేదని. పండితులందరితో పోట్లాడారు. ఈ జవాబు నీకు అర్థమయ్యే తెలుగులో ఉందంటే అందులో ఆయన వాటా ఉంది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు, నిరసనగా ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు ఆయన. డెబ్బై దాటిన వయసులో.

వాడుక మాటకు అంత పోట్లాట జరిగిన ఊరి నుంచి వెళ్లి, వాడుక మాటనే నువ్వు తిట్టు చేశావు. ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అనే. శ్రీకాకుళం నుంచి గుణుపురం దాకా రోజూ లక్ష నోళ్లలో నలిగే మాట. మీ ఇంట్లో నువ్వూ అంటావు. సెలవులకు వెళ్లి మీ అమ్మను ‘ఏటి కూర?’ అని అడగలేదూ?

ఇంకో తమాషా చెప్పనా. నువ్వు దాస్తున్న ఊరి మహారాజు కృష్ణచంద్ర గజపతి. ఒడిశా వేరు రాష్ట్రం కావాలని పాటుపడినవాళ్లలో పెద్ద పేరు, ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి, అప్పట్లో ముఖ్యమంత్రిని అలా పిలిచేవారు. మీ జిల్లాకు గజపతి అని పేరు ఆయన వల్లే వచ్చింది. బరంపురంలో పెద్దాసుపత్రి, ఎంకేసీజీ అంటారే, అందులో కేసీజీ అంటే ఆయనే. జ్వరమొస్తే మీ హాస్టల్ పిల్లలందర్నీ తీసుకెళ్లేది మీ ఊరి రాజు పేరున్న చోటికే. పర్లాకిమిడి అని చెప్పుకోవడానికి బరంపురంలో మొహమాటపడటం, ఏమో, నాకు నవ్వొచ్చింది. వి.వి.గిరి పుట్టిన ఊరు బరంపురం. ఆ బజారులో తెలుగు తెలియకుండా పాతికేళ్లు వ్యాపారం చేసినవాణ్ని ఒక్కణ్ని చూపించు. నీ ఫ్రెండ్స్ పొద్దున్నే రోడ్డు మీద నిలబడి తినేదేమిటి? ఇడ్లీ, బరా (మన గారే), ఘుగుని (బఠాణీ కూర). మీ నాన్న బండి మీద ఉండేదేమిటి?

అరిసెలు కూడా నీ ఫ్రెండ్సే తిన్నారని రాశావు (ఆ వాక్యం పైన కుదింపులో పోయింది). ‘అరిసా పిఠా’ అని ఎగబడి తిన్నారట. చూడు మరి. ఆ బెల్లం పాకం, ఆ బియ్యప్పిండి అటూ ఇటూ ఒకటే, పేరు కూడా దాదాపు ఒకటే. వాళ్లింట్లో వాళ్లమ్మ చేస్తుంది, మీ ఇంట్లో మీ అమ్మ చేసింది. పట్టుకొచ్చిన మనిషే తెలియని మనిషైపోయాడు.

ఇప్పుడు ఆ మనిషి సంగతి. నీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది ‘నాన్నకి ఒడియా బాగా వచ్చు’ అన్న వాక్యం దగ్గర. దాన్ని నువ్వు ఇంకేమీ కలపకుండా రాశావు. బాగా రాశావు. తెల్లవారుజామున లేచి పిండి రుబ్బుకునే మనిషి, ఒక పూట బండి మూసి, అంటే ఆ పూట సంపాదన వదులుకుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. ఆ మాట విన్నాడు. డబ్బా ఇచ్చి వెళ్లిపోయాడు. ఇంటికెళ్లి మీ అమ్మకు ఏం చెప్పి ఉంటాడు? పిల్ల బాగుంది, పరీక్షల టెన్షన్‌లో ఉంది, అనే చెప్పి ఉంటాడు. పందెం కాస్తాను. అంటే మీ ఇంట్లో ఇప్పుడు నీ కోసం అబద్ధం చెప్పేవాళ్లు ఇద్దరయ్యారు.

మొదట ఆయన దగ్గరికి వెళ్లు. ఫోన్‌లో కాదు. వచ్చే శనివారం బస్సెక్కు. బండి దగ్గరికే వెళ్లు, బేరం తగ్గే వేళకి. ఏం చెప్పాలంటే, తక్కువ చెప్పు. “నాన్నా, ఆ రోజు గేటు దగ్గర నేనన్నది తప్పు. నాకు సిగ్గుగా ఉంది” అంతే. ఎందుకన్నావో వివరించకు. వివరణ మొదలుపెడితే హాస్టల్లో వాతావరణం, కొత్త ఊరు, వాళ్ల నాన్నలు ఆఫీసర్లు, ఇలా పోయి పోయి చివరికి తప్పు టిఫిన్ బండిదే అన్నట్టు తేలుతుంది. ఆయన ‘పోనీలేమ్మా’ అంటాడు. మన నాన్నలు అంతే అంటారు. ఆ ‘పోనీలే’ వినగానే అయిపోయిందనుకోకు. ఆ రోజు ఆయనతో ఉండు, ప్లేట్లు అందించు, గిన్నెలు కడుగు.

రెండోది గుణుపురం అమ్మాయి. ఇది కష్టం. మీ నాన్న నిన్ను క్షమించేస్తాడు, ఆమెకు ఆ అవసరం లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు, పక్కన నీ గుంపు లేనప్పుడు వెళ్లు. తెలుగులో మాట్లాడు. నీ నోటి నుంచి తెలుగు విని ఆమె ముందు నమ్మదు, తర్వాత మండిపడుతుంది. మండనీ. ‘ఆ పేరు పెట్టింది నేను. నాదీ అదే భాష. నీకు చేసింది తప్పు’ అని చెప్పి, ఆమె ఏమంటే అది విని వచ్చేయి. ‘ఇకనుంచి మనం ఫ్రెండ్స్’ అనకు. అది ఆమె అనాల్సిన మాట. అనకపోవచ్చు కూడా. ఆమెను మీ గుంపులో కూర్చోబెట్టి ఉద్ధరించాలని చూడకు. మెస్‌లో సరిగ్గా తినడం లేదని గమనిస్తే మాత్రం మేట్రన్ చెవిన వెయ్యి, నీ తప్పుతో సహా.

ఆ తర్వాత నీ పని ఒకటే. ఎవరైనా ఆ పేరుతో పిలిచినప్పుడల్లా, అక్కడికక్కడే, మామూలు గొంతుతో, “అది నేను పెట్టిన పేరు, ఇక అనకండి” అను. మొదటిసారి నవ్వుతారు. ఐదోసారికి బోర్ కొడుతుంది. పేర్లు బోర్ కొట్టే చచ్చిపోతాయి, ఉపన్యాసాలతో చావవు.

ఇక మిగతా హాస్టల్. వాళ్లందరికీ నువ్వు బాకీ ఉన్నావా? లేవు. నిజాయితీ అంటే నీ ఇంటి సంగతులన్నీ నోటీసు బోర్డు మీద అంటించడం కాదు. మీ నాన్న సంపాదన ఎంత, ఇల్లు సొంతమా అద్దెదా, ఇవి ఎవరడిగినా చెప్పాల్సిన పని లేదు. ‘చెప్పను’ అనడం అబద్ధం కాదు. చెప్పకపోవడం వేరు, ఇంకొకటి కల్పించి చెప్పడం వేరు. నీ గదిలో నీకు కాస్త దగ్గరైన అమ్మాయి ఒక్కతి ఉంటుంది కదా, ఆమెకు చెప్పు. మిగతావాళ్లకు నువ్వు చెప్పక్కర్లేదు, హాస్టల్లో గోడలకు నోళ్లుంటాయి. ఎవరైనా వచ్చి అడిగితే ‘అవును, మాది పర్లాకిమిడి, నేను అబద్ధం చెప్పాను’ అను. దానికి మైకు అక్కర్లేదు.

నాలా ఉంటే నాతో ఎవరైనా ఉంటారా అని అడిగావు. కొందరు ఉండరు. ఇది ముందే చెప్పడం మంచిది. రైల్వే ఆఫీసర్ కూతురితో తిరగడానికి వచ్చినవాళ్లు వెళ్లిపోతారు. కొన్నాళ్లు తెలెంగా అని కూడా అనొచ్చు. ఆ మాటలో వెటకారం ఎలా ఉంటుందో నీకు తెలుసు, నాకూ తెలుసు. కానీ నువ్వు అనుకున్నంత కాలం అనరు. కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్, ఆయనతో పనిచేసేవాళ్లు 2000లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక విద్యార్థికి, వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి టీషర్టు తొడిగి, నలుగురున్న గదిలోకి పంపించారు. నీ షర్టు మీద బొమ్మ ఎంతమంది చూసుంటారని అడిగితే, దాదాపు సగం మంది అన్నారు వేసుకున్నవాళ్లు. గదిలో వాళ్లను అడిగితే నాలుగో వంతు కూడా సరిగ్గా గమనించలేదు. ఎవరి షర్టు గొడవలో వాళ్లున్నారు. మీ గదిలో పిల్లలు కూడా అంతే. నీ ఊరి గురించి రెండు రోజులు మాట్లాడుకుంటారు. మూడో రోజు ఎవరిదో ఫోన్ పోతుంది.

ఆత్మవిశ్వాసం పెంచుకోమని నేను చెప్పను. అద్దం ముందు నిలబడి ‘నేను గొప్పదాన్ని’ అనుకోవడం మీద నాకు నమ్మకం లేదు. సినిమాలో నాకు నచ్చిన సీను కిరీటం సీను కాదు, లెక్కల పోటీ. చివరి ప్రశ్న దగ్గర కేడీ, ఎదురుగా ఉన్న పిల్ల వేషం చూసి మనసులో వెక్కిరించడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోతుంది. ఆ పిల్లను ఎంత తీసిపారేసినా తనకు లెక్క రాదు. చూపు తిప్పి లెక్క మీద పెడుతుంది. చేస్తుంది. (సినిమా అంతటినీ నేను వెనకేసుకురావడం లేదు. వెక్కిరింపు తప్పని చెబుతూనే చాలామందిని వెక్కిరిస్తుంది. ముగింపులో అందరూ అంత చక్కగా సర్దుకుపోవడం కూడా నేను నమ్మలేదు.)

నీ లెక్క ఏమిటో నీకు తెలుసు. కేడీ లెక్కలు రానట్టు నటిస్తే లెక్కలు పోయాయి, నువ్వు తెలుగు రానట్టు నటిస్తున్నావు. అమ్మ ఫోన్ చేస్తే డాబా మీదికి పరుగెత్తి గుసగుసగా మాట్లాడుతున్నావట. మాట కూడా వాడకపోతే తుప్పు పడుతుంది తల్లీ, ముందు పద్యాలు పోతాయి, తర్వాత సామెతలు. నువ్వు ఒడియా రాస్తావు, తెలుగు రాస్తావు, హిందీ వస్తుంది, జనాన్ని నవ్వించగలవు, మైకు ముందు తడబడవు. హాస్టల్ డే యాంకరింగ్ వదులుకోకు. ఒడియాలో చెయ్యి, మధ్యలో ఎక్కడో రెండు తెలుగు వాక్యాలు కూడా పడనీ. నవ్వించు కూడా, కాకపోతే నీ మీద నువ్వే జోకులు వేసుకో. గాజువాక బస్సు కథ కావాలంటే వాడుకో, నాకు అభ్యంతరం లేదు.

ఆ డబ్బా. మీ అమ్మ ఈపాటికి ఏ డబ్బా ఎక్కడుందో లెక్క చూసుకునే ఉంటుంది, అడగలేదంటే కావాలనే అడగడం లేదని అర్థం. శనివారం వెళ్లేటప్పుడు మంచం కింద నుంచి తియ్యి, శుభ్రంగా కడిగి ఆరబెట్టు. మన ఇళ్లల్లో ఇంకొకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వరు కదా. బరంపురం అప్పడాలు మీ నాన్నకు ఇష్టమేనా? బజారులో కొనేటప్పుడు తెలుగులోనే అడుగు, షాపువాడు ఒకటి ఎక్కువ వేసినా వేస్తాడు.